చప్పుడు లేని, వేగం పెంచిన ఫొటో కంప్యూటర్ – మదర్‌బోర్డు ఎంపిక



హాస్టల్‌లో చదువు ముగించుకొని వెళ్ళిన వారందరూ ఉద్యోగాల్లోనే స్థిరపడరు. కొందరు కెమెరా పట్టుకొని పెళ్ళిళ్ళకు వెళ్తారు. కొందరు ఇంట్లో ఒక మూల కంప్యూటర్ పెట్టుకొని ఆల్బమ్ డిజైన్ చేస్తారు. అప్పు చేసో, కార్పొరేషన్ రుణం తీసుకొనో ఆ కంప్యూటర్ కొంటారు. నెల తిరిగేసరికి వాయిదా కట్టాలి. కాబట్టి కొనే వస్తువు సంగతి ముందే తెలుసుకొని కొనడం మంచిది.

కంప్యూటర్ కొనేటప్పుడు అందరూ ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత అని అడుగుతారు. మదర్‌బోర్డు సంగతి షాపువాడికే వదిలేస్తారు. నిజానికి ప్రాసెసర్‌కు కరెంటు ఎంత శుభ్రంగా అందుతుంది, ఫ్యాన్లు ఎంత నెమ్మదిగా తిరుగుతాయి, రేపు ర్యామ్ పెంచుకోవచ్చా, కెమెరా కార్డు ఎంత వేగంగా ఖాళీ అవుతుంది అనే నాలుగు విషయాలు చాలావరకు మదర్‌బోర్డు చేతిలోనే ఉంటాయి.

ఫొటో పని చేసేవారికి రెండు కోరికలు ఉంటాయి. ఒకటి వేగం. పెళ్ళిళ్ళ సీజన్‌లో పని కుప్పలుగా వస్తుంది. రెండోది నిశ్శబ్దం. మనలో చాలామందికి స్టూడియో వేరు, ఇల్లు వేరు కాదు. అదే గదిలో అమ్మ పడుకోవాలి, పిల్లలు చదువుకోవాలి. రాత్రి రెండు గంటల దాకా పంకాలు గోల పెడుతుంటే ఎవరికీ నిద్ర ఉండదు. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి ఎదురు. వాటి మధ్య రాజీ ఎలా కుదర్చాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఓవర్‌క్లాకింగ్ అంటే ఏమిటి?

ప్రాసెసర్ ఒక తాళానికి అనుగుణంగా పనిచేస్తుంది. ఆ తాళాన్నే క్లాక్ అంటారు. మదర్‌బోర్డు ఇచ్చే మూల వేగాన్ని ప్రాసెసర్ తన గుణకంతో హెచ్చించుకొని అసలు వేగాన్ని తెచ్చుకుంటుంది. కంపెనీ నిర్ణయించిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడమే ఓవర్‌క్లాకింగ్.

దీనికి పేరుమోసిన ఉదాహరణ 1998లో ఇంటెల్ విడుదల చేసిన సెలెరాన్ 300ఏ. దాని గుణకం 4.5. మూల వేగం 66 మెగాహెర్ట్జ్. రెండూ హెచ్చిస్తే దాదాపు 300 మెగాహెర్ట్జ్. గుణకాన్ని మార్చే వీలు లేకుండా ఇంటెల్ తాళం వేసింది. కానీ మూల వేగం మదర్‌బోర్డు చేతిలో ఉంది. 440బీఎక్స్ చిప్‌సెట్ ఉన్న బోర్డుల మీద దాన్ని 100కు పెంచితే 4.5 ఇంటు 100, అంటే 450 మెగాహెర్ట్జ్ వచ్చింది. అబిట్ కంపెనీ బీహెచ్6 అనే బోర్డులో జంపర్లు మార్చే పని లేకుండా బయోస్ తెరమీదే ఈ మార్పు చేసుకునే ఏర్పాటు ఉండేది. తక్కువ ధర ప్రాసెసర్‌ను ఖరీదైన ప్రాసెసర్ వేగంతో నడిపినవారు అప్పట్లో ఎందరో.

ఇందులో మనం గమనించవలసిన పాఠం ఒకటుంది. 440బీఎక్స్ చిప్‌సెట్ 100 మెగాహెర్ట్జ్ కోసమే తయారైంది. అంటే బోర్డు తన పరిమితి దాటలేదు. ప్రాసెసర్ మాత్రమే దాటింది. ఓవర్‌క్లాకింగ్ ఎప్పుడు సాఫీగా సాగుతుందంటే, బోర్డుకు ఇంకా మిగులు శక్తి ఉన్నప్పుడే. బోర్డు కూడా ఆయాసపడుతుంటే ఎక్కువ కాలం సాగదు.

వేగం పెరిగితే వేడి ఎంత?

ప్రాసెసర్ ఖర్చుచేసే విద్యుత్తు రెండు అంశాల మీద ఆధారపడుతుంది. వేగం ఎంత పెరిగితే ఖర్చు అంత పెరుగుతుంది. వోల్టేజి విషయంలో అలా కాదు. ఖర్చు వోల్టేజి వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. వేగం పెంచాలంటే చాలాసార్లు వోల్టేజి కూడా పెంచాలి. అక్కడే చిక్కు వస్తుంది.

ఒక లెక్క చూద్దాం. వేగం 10 శాతం, వోల్టేజి 10 శాతం పెంచామనుకోండి. 1.1 ఇంటు 1.1 ఇంటు 1.1 చేస్తే 1.331. అంటే 10 శాతం వేగం కోసం 33 శాతం ఎక్కువ వేడి. ఆ వేడిని బయటికి నెట్టడానికి ఫ్యాన్లు మరింత వేగంగా తిరగాలి. నిశ్శబ్దం అక్కడే పోతుంది.

కంపెనీలే ఇచ్చిన అంకెల్లోనూ ఇది కనబడుతుంది. ఏఎండీ రైజెన్ 7 7700, 7700ఎక్స్ రెండింటిలోనూ 8 కోర్లు ఉన్నాయి. మొదటిదాని గరిష్ఠ వేగం 5.3 గిగాహెర్ట్జ్, రెండోదానిది 5.4. కానీ మొదటిది సాకెట్ నుంచి 88 వాట్ల వరకు తీసుకుంటుంది, రెండోది 142 వాట్ల వరకు. గరిష్ఠ వేగంలో తేడా 2 శాతం కూడా లేదు. అన్ని కోర్లూ ఒకేసారి పనిచేసేటప్పుడు తేడా మరికొంత ఉంటుంది. అయినా వాట్లలో తేడా 60 శాతం పైమాటే.

మన ఎండల లెక్క

కంప్యూటర్ గురించి విదేశీ పుస్తకాల్లో రాసే ఉష్ణోగ్రతలు చల్లని గదులవి. ప్రాసెసర్ వేడి అంటే గది వేడి ప్లస్ ప్రాసెసర్ తాను పుట్టించే వేడి. రామగుండంలోనో, కొత్తగూడెంలోనో, రెంటచింతలలోనో మే నెలలో రేకుల గది ఎలా ఉంటుందో మనకు చెప్పనవసరం లేదు.

ఉదాహరణకు ఒక కూలర్ 88 వాట్ల దగ్గర ప్రాసెసర్‌ను గది కంటే 40 డిగ్రీలు ఎక్కువ వేడి దగ్గర ఆపగలదనుకుందాం. అదే కూలర్ 142 వాట్ల దగ్గర సుమారు 64 డిగ్రీలు ఎక్కువ దగ్గర ఆపుతుంది. గది 25 డిగ్రీలుంటే మొదటిది 65, రెండోది 89. రెండూ ఫరవాలేదు. గది 42 డిగ్రీలుంటే మొదటిది 82, రెండోది 106. కానీ ఈ ప్రాసెసర్ల గరిష్ఠ పరిమితి 95 డిగ్రీలు. ఆ హద్దుకు రాగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అంటే మనం డబ్బుపెట్టి పెంచుకున్న వేగం ఎండాకాలంలో మళ్ళీ పోతుంది, ఫ్యాన్ల గోల మాత్రం మిగులుతుంది.

వైశాఖంలో పెళ్ళిళ్ళు ఎక్కువ. సరిగ్గా ఎండలు ముదిరే కాలమూ అదే. మన యంత్రానికి అన్నిటికంటే ఎక్కువ పని, అన్నిటికంటే ఎక్కువ వేడి ఒకేసారి వస్తాయి. కనుక బోర్డును, కూలర్‌ను డిసెంబరుకు కాదు, మే నెలకు సరిపోయేటట్టు ఎంచుకోవాలి.

ఏ చిప్‌సెట్‌కు ఏ అనుమతి?

ప్రతి బోర్డు మీదా ఓవర్‌క్లాకింగ్ చేయడం కుదరదు. బోర్డు పేరులోని అక్షరాన్ని బట్టి తెలుసుకోవచ్చు.

ఇంటెల్ అయితే ప్రాసెసర్ పేరు చివర ‘కె’ అక్షరం ఉండాలి, బోర్డు చిప్‌సెట్ ‘జెడ్’ తరగతి కావాలి. ఉదాహరణకు 2022లో వచ్చిన జెడ్790, 2024లో వచ్చిన జెడ్890. బి660, బి760 బోర్డుల్లో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు గాని ప్రాసెసర్ గుణకం పెంచుకోలేం. హెచ్610లో రెండూ కుదరవు. ‘కె’ ప్రాసెసర్ కొని హెచ్ తరగతి బోర్డులో పెడితే ఆ అక్షరానికి పెట్టిన డబ్బు దండగ.

ఏఎండీ అయితే రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో దాదాపు అన్నిటికీ గుణకం తాళం లేదు. 5800ఎక్స్3డీ వంటి కొన్ని మాత్రం మినహాయింపు. బోర్డు ‘బి’ లేక ‘ఎక్స్’ తరగతి కావాలి. ఎ320, ఎ520, ఎ620 బోర్డుల్లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ ఉండదు. ఎ620లో ర్యామ్ వేగం మాత్రం పెంచుకోవచ్చు.

2022 సెప్టెంబరులో వచ్చిన ఏఎం5 సాకెట్‌ను 2027 దాకా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. వాయిదాల మీద కొనేవారికి ఇది ముఖ్యమైన మాట. ఇప్పుడు 6 కోర్ల ప్రాసెసర్‌తో మొదలుపెట్టి, అప్పు తీరాక అదే బోర్డులో పెద్ద ప్రాసెసర్ వేసుకోవచ్చు. అందుకే ఈ పాఠంలో ఎక్కువగా బి650, 2025 జనవరిలో వచ్చిన బి850 బోర్డులను ఉదాహరణగా తీసుకుంటున్నాను.

కరెంటు విభాగం – బోర్డుకు గుండె

కంప్యూటర్ పవర్ సప్లై ఇచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కు కావలసింది సుమారు 1.2 వోల్టులు. ఈ మార్పు చేసేది ప్రాసెసర్ పక్కన వరుసగా కనబడే చిన్న చిన్న పెట్టెలు, నల్ల చిప్పులు. దాన్ని వీఆర్‌ఎమ్ అంటారు. 142 వాట్లను 1.2 వోల్టులతో భాగిస్తే 118 ఆంపియర్లు. ఇంట్లో ప్లగ్ పాయింటు 15 ఆంపియర్లకే బెదురుతుంది. ఇక్కడ అరచేతి మందం జాగాలో నుంచి 118 ఆంపియర్లు పోవాలి.

అందుకే ఆ పనిని కొన్ని ఫేజులకు పంచుతారు. హాస్టల్‌లో నీళ్ళు మోయడానికి నలుగురు కాకుండా ఎనిమిది మంది వరుసలో నిలబడితే ఒక్కొక్కరికి శ్రమ ఎలా తగ్గుతుందో ఇదీ అంతే. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనుపాతం అని పదో తరగతి భౌతికశాస్త్రంలో చదువుకున్నాం. 4 ఫేజులైతే ఒక్కొక్కదానికి దాదాపు 30 ఆంపియర్లు. 8 అయితే 15. కరెంటు సగమైతే ఒక్కొక్క ఫేజులో వేడి నాలుగో వంతు. ఫేజులు రెట్టింపయ్యాయి కనుక మొత్తం మీద సగం. మరికొంత వేడి స్విచ్చింగ్ వల్ల కూడా పుడుతుంది, దానికి ఈ లెక్క వర్తించదు. అయినా ఫేజుల విలువ అర్థమవుతుంది.

పెట్టె మీద 12+2+1 అని రాసి ఉంటే మొదటి అంకె ప్రాసెసర్ కోర్లకు సంబంధించినది. మిగిలినవి ప్రాసెసర్‌లోని ఇతర భాగాలకు. అన్నీ కూడి 15 ఫేజులు అని చెప్పే అమ్మకపు మాటలకు మోసపోవద్దు. ఒక్కొక్క ఫేజు ఎన్ని ఆంపియర్లు మోయగలదో కూడా చూడాలి.

ఫేజుల మీద మంచి బరువైన అల్యూమినియం హీట్‌సింక్ ఉండాలి. దానికి గాలి తగిలే చీలికలు ఉండాలి. పైకి తళతళలాడే ప్లాస్టిక్ మూత హీట్‌సింక్ కాదు. చేతితో తాకితే లోహపు చల్లదనం తెలుస్తుంది. హీట్‌సింక్ బాగుంటే కేసులోని ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగినా సరిపోతుంది. నిశ్శబ్దానికి ఇది మొదటి మెట్టు.

కెపాసిటర్ల సంగతి పాత మిత్రులకు గుర్తుండే ఉంటుంది. 2000 దశకంలో చాలా బోర్డుల్లో ద్రవం ఉన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు పైన ఉబ్బి, కారి, బోర్డులు చచ్చిపోయేవి. ఇప్పటి మంచి బోర్డుల్లో ఘన పాలిమర్ కెపాసిటర్లు వాడుతున్నారు. సెకండ్‌హ్యాండ్ బోర్డు కొనేవారు మాత్రం కెపాసిటర్ల తలలు చదునుగా ఉన్నాయో లేదో టార్చి వేసి చూడాలి.

నిశ్శబ్దం ఎక్కడినుంచి వస్తుంది?

మొదటిది, ఫ్యాన్ వేగం. ఫ్యాన్ వేగం సగానికి తగ్గితే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి శబ్దం సగమైనట్టు అనిపిస్తుంది. కాబట్టి ఒక చిన్న ఫ్యాన్‌ను వేగంగా తిప్పేకంటే రెండు మూడు పెద్ద ఫ్యాన్లను నెమ్మదిగా తిప్పడం మేలు. అలా చేయాలంటే బోర్డు మీద ఫ్యాన్ కనెక్టర్లు ఉండాలి. కనీసం నాలుగైనా ఉన్న బోర్డు తీసుకోండి.

4 పిన్నుల ఫ్యాన్‌ను బోర్డు సంకేతం పంపి అదుపు చేస్తుంది. 3 పిన్నుల ఫ్యాన్‌ను వోల్టేజి తగ్గించి అదుపు చేస్తుంది. రెండు పద్ధతులూ చేయగల కనెక్టర్లు ఉంటే పాత ఫ్యాన్లను కూడా వాడుకోవచ్చు. బయోస్‌లో ఫ్యాన్ కర్వ్ అనే పట్టిక ఉంటుంది. ఎంత వేడికి ఎంత వేగం అని మనమే గీసుకోవచ్చు. 60 డిగ్రీల దాకా ఒకే తక్కువ వేగం, ఆ తర్వాత మెల్లగా పెంచడం మంచి పద్ధతి. వేడి ఒక్క క్షణం పెరగగానే ఫ్యాన్ లేవకుండా కొన్ని సెకన్లు ఆగే ఏర్పాటు కూడా చాలా బోర్డుల్లో ఉంది. ఫ్యాన్ ఎప్పుడూ ఒకే స్థాయిలో మోగితే చెవి మరిచిపోతుంది. లేస్తూ పడుతూ ఉంటేనే చికాకు.

రెండోది, చిప్‌సెట్ మీద ఫ్యాన్. 2019లో వచ్చిన ఎక్స్570 బోర్డుల్లో దాదాపు అన్నిటికీ చిప్‌సెట్ మీద చిన్న ఫ్యాన్ ఉండేది. అంత చిన్న ఫ్యాన్ దుమ్ము పట్టగానే కీచుమంటుంది. 2020లో వచ్చిన బి550కి ఆ ఫ్యాన్ అవసరం లేకపోయింది. 2021లో ఎక్స్570ఎస్ పేరుతో ఫ్యాన్ లేని బోర్డులు తెచ్చారు. పాత ఏఎం4 బోర్డు సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

మూడోది, కాయిల్ గుయ్‌మనడం. పాత ట్యూబ్‌లైట్ చోక్ గుయ్‌మనేది గుర్తుందా? రాత్రి స్టడీ అవర్‌లో అందరం విన్న శబ్దమే. అయస్కాంత బలానికి చుట్టలు కదలడం వల్ల ఆ శబ్దం వస్తుంది. బోర్డులోని కాయిల్స్‌లోనూ అదే జరుగుతుంది. ఫ్యాన్లన్నీ ఆపినా ఇది ఆగదు. కొనేచోట ఆన్ చేయించి, చెవి దగ్గర పెట్టి వినడం ఒక్కటే మార్గం. షాపు గోలలో వినబడకపోతే ఇంటికి తెచ్చిన మొదటి రాత్రే విని, ఉంటే వెంటనే మార్పించుకోవాలి.

నాలుగోది, గ్రాఫిక్స్. 7600, 7700 ప్రాసెసర్లలో చిన్న గ్రాఫిక్స్ భాగం లోపలే ఉంది. ఆల్బమ్ డిజైన్‌తో మొదలుపెట్టేవారు గ్రాఫిక్స్ కార్డు లేకుండా బోర్డు మీది హెచ్‌డీఎమ్‌ఐ పోర్టుతోనే నడుపుకోవచ్చు. ఒక పెద్ద శబ్దం తగ్గినట్టే. కృత్రిమ మేధతో మచ్చలు తీసే పనికి మాత్రం కార్డు కావాలి. అడోబీ లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన డీనాయిజ్ పని ప్రధానంగా గ్రాఫిక్స్ కార్డు మీదే నడుస్తుంది. ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసినందువల్ల అందులో పెద్దగా ఒరిగేది లేదు.

ర్యామ్ – ఆల్బమ్ లెక్క

మనకు బాగా తెలిసిన 12 ఇంటు 36 అంగుళాల ఆల్బమ్ షీటు తీసుకుందాం. అంగుళానికి 300 చుక్కల చొప్పున 3600 ఇంటు 10800. అంటే 3 కోట్ల 88 లక్షల 80 వేల చుక్కలు. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు బైట్లు. మొత్తం దాదాపు 117 మెగాబైట్లు. 16 బిట్లలో పనిచేస్తే 233. ఇది ఒక్క నిండు లేయర్‌కు. అలాంటి లేయర్లు ఇరవై ఉంటే 8 బిట్లలోనే 2.3 గిగాబైట్లు దాటుతుంది. దానికి తోడు వెనక్కి వెళ్ళే మెట్లన్నీ మెమరీలో ఉండాలి. రెండు మూడు షీట్లు ఒకేసారి తెరిస్తే 16 గిగాబైట్లు ఇట్టే నిండిపోతాయి. అప్పుడు కంప్యూటర్ డిస్కు మీద ఆధారపడుతుంది. ఎంత ఓవర్‌క్లాక్ చేసినా ఆ నత్తనడక మారదు.

అందువల్ల ఫొటో పనికి మొదట 32 గిగాబైట్లు, వీలైతే 64 ఉండాలి. ఏఎం5 బోర్డులు డీడీఆర్5 మాత్రమే తీసుకుంటాయి. పాత డీడీఆర్4 పనికిరాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రైజెన్ 7000 ప్రాసెసర్లకు రెండు ర్యామ్ పలకలు పెడితే ఏఎండీ చెప్పే అధికారిక వేగం 5200. నాలుగు పెడితే 3600 మాత్రమే. కాబట్టి నాలుగు చిన్న పలకల కంటే రెండు పెద్ద పలకలు మంచివి. 64 కావాలంటే 32 గిగాబైట్లవి రెండు తీసుకోండి. డబ్బు చాలకపోతే 16వి రెండు కొని, తర్వాత అమ్మి మార్చుకోవడం నయం.

కొత్త బోర్డును మొదటిసారి ఆన్ చేసినప్పుడు డీడీఆర్5 తనను తాను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. తెర నల్లగానే ఉంటుంది. బోర్డు పాడైందని కంగారుపడి స్విచ్ ఆపేయకండి.

డిస్కులు, పోర్టులు

వేగం అనగానే గిగాహెర్ట్జ్ గుర్తొస్తుంది గాని, ఫొటోగ్రాఫర్‌కు సమయం ఎక్కువ పోయేది కార్డు ఖాళీ చేయడంలో. 64 గిగాబైట్ల కార్డు నిండిందనుకోండి. పాత యూఎస్‌బీ 2.0 పోర్టుకు ఆచరణలో సెకనుకు 40 మెగాబైట్లు వచ్చినా 27 నిమిషాలు పడుతుంది. యూహెచ్‌ఎస్2 కార్డు, దానికి తగిన రీడర్, 5 గిగాబిట్ల యూఎస్‌బీ పోర్టు ఉండి సెకనుకు 250 మెగాబైట్లు వస్తే 4 నిమిషాల్లో అయిపోతుంది.

దీన్ని ఓవర్‌క్లాకింగ్‌తో పోల్చి చూడండి. 600 ఫొటోలు ఎక్స్‌పోర్ట్ చేయడానికి అరగంట పడుతుందనుకుంటే, 5 శాతం వేగం పెరిగితే మిగిలేది ఒకటిన్నర నిమిషం. సరైన పోర్టు వల్ల మిగిలేది 23 నిమిషాలు! అందుకే బోర్డు వెనుక భాగంలో, కేసు ముందుభాగానికి వేగవంతమైన పోర్టులు ఎన్ని ఇచ్చారో లెక్కపెట్టుకోండి.

ఎమ్.2 ఎస్‌ఎస్‌డీ పెట్టే చోట్లు కనీసం రెండు ఉండాలి. ఒకదానిలో విండోస్, సాఫ్ట్‌వేర్. రెండోదానిలో చేతిలో ఉన్న పని. వాటిమీద హీట్‌సింక్ ఉంటే మంచిది. పాత ఆల్బమ్‌లు దాచే హార్డ్‌డిస్కులకు సాటా పోర్టులు నాలుగైనా కావాలి. కొన్ని బోర్డుల్లో రెండో ఎస్‌ఎస్‌డీ పెడితే కొన్ని సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. ఆ సంగతి మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మాన్యువల్ కంపెనీ సైటులో ఉచితంగా దొరుకుతుంది. కొనడానికి ముందే చదవండి.

వోల్టేజి పెంచడంలో ప్రమాదం

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. 2023 ఏప్రిల్‌లో కొన్ని రైజెన్ 7000ఎక్స్3డీ ప్రాసెసర్లు, అవి ఉన్న బోర్డుల సాకెట్లు కాలిపోయిన సంఘటనలు బయటపడ్డాయి. ఎస్‌ఓసీ వోల్టేజి మితిమీరడం ఒక కారణమని తేలింది. ఆ తర్వాత ఏఎండీ ఆ వోల్టేజికి 1.3 దగ్గర హద్దు పెట్టింది, బోర్డు కంపెనీలు కొత్త బయోస్‌లు ఇచ్చాయి. 2024లో ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్ని అస్థిరంగా మారాయి. ఎక్కువ వోల్టేజి వల్ల చిప్ క్రమంగా దెబ్బతింటున్నదని ఇంటెల్ తెలిపి, బయోస్ ద్వారా సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది.

దీన్నిబట్టి రెండు పనులు చేయాలి. ఒకటి, పెట్టె తెరిచిన రోజే బోర్డు బయోస్‌ను తాజా చేయాలి. ఆ సమయంలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. యూపీఎస్ ఉన్నప్పుడే చేయండి. ‘బయోస్ ఫ్లాష్‌బ్యాక్’ మీట ఉన్న బోర్డు అయితే చెడిన బయోస్‌ను కూడా పెన్‌డ్రైవ్‌తో బాగుచేసుకోవచ్చు. మండల కేంద్రంలో ఉండేవారికి ఆ మీట ఉంటే, సర్వీస్ సెంటర్‌కు ఒక ప్రయాణం తప్పుతుంది. రెండు, బోర్డు ఇచ్చే ‘ఆటోమేటిక్ ఓవర్‌క్లాక్’ మీటను నమ్మవద్దు. అది అవసరానికి మించిన వోల్టేజి ఇవ్వవచ్చు.

కంపెనీ నిర్దేశాలను మించి నడిపినందువల్ల కలిగే నష్టం వారంటీలోకి రాదని ఏఎండీ నిబంధనల్లో ఉంది. ఇది తెలిసే అడుగు వేయాలి.

నిశ్శబ్దంగా వేగం పెంచే పద్ధతి

వోల్టేజి పెంచకుండా వేగం పెంచడం ఎలా? దానికి జవాబు వోల్టేజి తగ్గించడం! వినడానికి వింతగా ఉంటుంది గాని కారణం ఉంది. అన్ని చిప్పులూ పనిచేయాలని కంపెనీ కాస్త ఎక్కువ వోల్టేజి నిర్ణయిస్తుంది. మన చిప్‌కు అంత అవసరం లేకపోవచ్చు. ఏఎండీ బోర్డుల్లో ‘కర్వ్ ఆప్టిమైజర్’ అనే ఏర్పాటుతో దాన్ని మెల్లగా తగ్గించవచ్చు. వోల్టేజి తగ్గితే వేడి తగ్గుతుంది. వేడి తగ్గితే అదే వాట్లలో ప్రాసెసర్ తనంతట తానే కాస్త ఎక్కువ వేగం అందుకుంటుంది. ఫ్యాన్లు కూడా నెమ్మదిస్తాయి.

ఈ వరుసలో చేయండి.

1. మొదటి వారం ఏమీ మార్చకుండా వాడండి. ఉష్ణోగ్రతలు, ఎక్స్‌పోర్ట్ సమయాలు నోటుబుక్కులో రాసుకోండి.

2. ర్యామ్‌కు ఎక్స్‌పో అమరిక ఆన్ చేయండి. ఇది కూడా ఓవర్‌క్లాకింగే. మెమ్‌టెస్ట్86ప్లస్‌ను ఒక రాత్రంతా నడపండి. ఒక్క తప్పు వచ్చినా వేగం తగ్గించండి.

3. కర్వ్ ఆప్టిమైజర్‌లో మైనస్ 10తో మొదలుపెట్టండి. ప్రైమ్95 లేక ఓసీసీటీ గంటసేపు నడపండి. బాగుంటే మైనస్ 15. ఒకసారి ఒక్క మార్పే చేయండి.

4. పరీక్ష సాఫ్ట్‌వేర్ నెగ్గినంత మాత్రాన సరిపోదు. పాత పెళ్ళి ఫొటోలు 500 తీసుకొని నిజంగా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఒక రాత్రి వదిలిపెట్టి చూడండి. వోల్టేజి తగ్గించిన చిప్‌లు కొన్ని పనిలో కాదు, విశ్రాంతిలో ఆగిపోతాయి.

5. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో ‘వీయా’ పేరుతో ఎర్రర్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఒక మెట్టు వెనక్కి రండి.

6. ఎండాకాలం రాగానే పరీక్షలన్నీ మళ్ళీ చేయండి. జనవరిలో నెగ్గింది మే నెలలో నెగ్గాలని లేదు.

యంత్రం మొరాయించి తెర రాకపోతే భయం లేదు. బోర్డు మీద ‘క్లియర్ సీమాస్’ పిన్నులు ఉంటాయి. వాటిని కలిపితే అమరికలన్నీ మొదటికి వస్తాయి. లోపం ప్రాసెసర్‌లోనా, ర్యామ్‌లోనా, గ్రాఫిక్స్‌లోనా అని చూపే నాలుగు చిన్న దీపాలు ఉన్న బోర్డు అయితే మెకానిక్ అవసరం చాలాసార్లు రాదు.

అన్నిటికంటే విలువైనది

ఓవర్‌క్లాకింగ్‌లో అసలు ప్రమాదం కంప్యూటర్ ఆగిపోవడం కాదు. ఆగిపోతే మళ్ళీ ఆన్ చేసుకుంటాం. ఆగకుండా తప్పు చేయడమే ప్రమాదం. ర్యామ్‌లో ఒక్క బిట్టు మారినా ఆ తప్పు ఫైలులోకి చేరిపోవచ్చు. జేపీఈజీ ఫొటోలో మధ్యన ఒక బిట్టు చెడితే అక్కడినుంచి కిందిభాగమంతా రంగులు మారి చారలు పడవచ్చు. ఆ రోజు ఎవరూ గమనించరు. ఆల్బమ్ ప్రింటుకు వెళ్ళేనాటికి బయటపడుతుంది.

కంప్యూటర్ పోతే ఇంకొకటి కొనవచ్చు. తాళి కట్టిన క్షణం మళ్ళీ రాదు. ఆ ఫొటోలో ఉన్న తాతయ్య మరుసటి సంవత్సరానికి ఉండకపోవచ్చు. ఒక కుటుంబం మనమీద నమ్మకంతో అప్పగించిన వస్తువు అది. కాబట్టి కార్డులోని ఫొటోలు రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ అయ్యి, తెరిచి చూసుకునే దాకా కార్డును ఫార్మాట్ చేయకండి. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం గుర్తుంచుకోండి. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట. కాపీ చేసేది ఎప్పుడూ మామూలు వేగంలో, పరీక్ష నెగ్గిన అమరికతోనే చేయండి. సీజన్ మధ్యలో కొత్త ప్రయోగాలు వద్దు.

కొనేముందు చూసుకోవలసినవి

1. ఏఎం5 అయితే బి650 లేక బి850. ఇంటెల్ అయితే ‘జెడ్’ బోర్డు, ‘కె’ ప్రాసెసర్ జత.
2. కరెంటు విభాగం మీద నిజమైన లోహపు హీట్‌సింక్.
3. నాలుగు లేక ఎక్కువ ఫ్యాన్ కనెక్టర్లు, రెండు రకాల అదుపు.
4. చిప్‌సెట్ మీద ఫ్యాన్ ఉండకూడదు.
5. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ మీట, లోపం చూపే దీపాలు.
6. రెండు ఎమ్.2 చోట్లు, నాలుగు సాటా పోర్టులు.
7. కేసు ముందుభాగానికి వేగవంతమైన యూఎస్‌బీ కనెక్టర్.
8. మనం కొనే ర్యామ్ పేరు ఆ బోర్డు కంపెనీ ఇచ్చిన జాబితాలో ఉందా?
9. సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు, వారంటీ ఎన్నేళ్ళు, సర్వీస్ ఎక్కడ అనే వివరం.
10. ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్‌కు సరైన ఎర్తింగ్, యూపీఎస్.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళేవారు ఈ జాబితా కాగితం మీద రాసుకొని వెళ్ళండి. ఒకే షాపులో అడిగి కొనవద్దు. సెకండ్‌హ్యాండ్ కొనేవారు మరొకటి చూడాలి. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 ఉండాలి. స్థూలంగా చెప్పాలంటే ఇంటెల్ 8వ తరం, రైజెన్ 2000 తరం, అంతకంటే కొత్తవి కావాలి. అంతకంటే పాత బోర్డు చౌకగా వచ్చినా వద్దు.

చివరగా, డబ్బు తక్కువగా ఉంటే దేనికి ముందు పెట్టాలి? నా వరుస ఇది. ముందు మంచి పవర్ సప్లై, యూపీఎస్. తర్వాత కరెంటు విభాగం బాగున్న మదర్‌బోర్డు. తర్వాత ర్యామ్. తర్వాత బ్యాకప్ డిస్కు. ఆ తర్వాత ప్రాసెసర్. రంగురంగుల దీపాలకు ఒక్క రూపాయి కూడా వద్దు. ప్రాసెసర్‌ను రెండేళ్ళ తర్వాత మార్చుకోవచ్చు. బోర్డు మార్చాలంటే మాత్రం యంత్రమంతా విప్పాలి.

హాస్టల్‌లో ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. మీ కంప్యూటర్ ల్యాబ్‌లో మూలన పడిన పాత కంప్యూటర్ ఉంటే వార్డెన్ గారి అనుమతి తీసుకొని, ప్లగ్ తీసేసి, మూత విప్పి చూడండి. ఫేజులు ఎన్ని, కెపాసిటర్లు ఎలా ఉన్నాయి, ఫ్యాన్ కనెక్టర్లు ఎన్ని అని లెక్కపెట్టి నోటుబుక్కులో బొమ్మ గీయండి. పవర్ సప్లై పెట్టెను మాత్రం విప్పకండి, ప్లగ్ తీసినా అందులో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉంటుంది. ఒక బోర్డును చేత్తో పట్టుకొని చూసినవాడిని ఏ షాపువాడూ తేలికగా మోసం చేయలేడు.